రెండు సంస్థలు, ఒక్క రిపో: ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

పని ఇదీ. బెంగళూరులో ఒక రాష్ట్ర శాఖ దగ్గర తనిఖీల అప్లికేషన్ ఒకటి ఉంది. ఇన్‌స్పెక్టర్ ఫీల్డుకు వెళ్లి ఫోనులో ఫారం నింపుతాడు, ఫొటో తీస్తాడు, లొకేషన్ దానంతటదే పడుతుంది. లోపం కనిపిస్తే నోటీసు తయారవుతుంది, గడువు దాటితే ఫైలు పై అధికారికి వెళ్తుంది. ఆ శాఖ డబ్బిచ్చి రాయించుకున్న సాఫ్ట్‌వేర్ ఇది, కొన్నేళ్లుగా నడుస్తోంది. రాసిన కంపెనీ వెళ్లిపోయింది. మెయింటెనెన్స్ మా చిన్న కంపెనీకి వచ్చింది.

ఇప్పుడు అదే ప్రభుత్వం కింద ఉన్న ఒక మండలికి కూడా తనిఖీల అప్లికేషన్ కావాలి. టెండరు డ్రాఫ్టు సిద్ధమైంది, అభిప్రాయం కోసం మా శాఖకూ ఒక కాపీ వచ్చింది. సూపరింటెండెంట్ గారిది బాగేపల్లి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. డ్రాఫ్టు నా ముందు పెట్టి, "చూడప్పా, ఇదంతా మన దగ్గర ఉండేదే గదా. మళ్లా కొనేది ఎందుకు?" అన్నారు.

తిరగేసి చూస్తే నిజమే. ఫారాలు వేరు, హోదాల పేర్లు వేరు, మిగతాది అంతా మా దగ్గర నడుస్తున్నదే. కోడ్ ఇచ్చేద్దామని పైనుంచి మాట వచ్చింది. రెండు చోట్లా నడిచేలా దాన్ని సిద్ధం చేసే పని మాకు అప్పగించారు. మా బాస్‌కు ఇందులో సంతోషమూ ఉంది, బాధా ఉంది. మొత్తం కొత్తగా కట్టే పనికి మేమూ టెండరు వేసేవాళ్లం కదా, ఇప్పుడు దక్కింది సర్దుబాటు పని.

అదే వారం, శుక్రవారం

మీటింగులో అడుగుతారని విధానాల సంగతి ఒకసారి చూసుకున్నాను. మన దగ్గర ఇది కొత్త ఆలోచన కాదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ విభాగం 2015లోనే రెండు విధానాలు తెచ్చింది. ఒకటి ప్రభుత్వంలో ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, వాడి, మార్చుకోగలిగే కోడ్) వాడకం గురించి. రెండోది ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ తెరిచి, అందరూ కలిసి అభివృద్ధి చేసుకోవడం గురించి. ఈ రెండోదాని కోసం 2017లో ఓపెన్‌ఫోర్జ్ అనే వేదిక కూడా వచ్చింది. రాష్ట్రాలకు ఇది తప్పనిసరి కాదు, కావాలంటే తీసుకోవచ్చు.

అమెరికా వాళ్లు 2016 ఆగస్టులో ఎం-16-21 అనే మెమోతో మొదలుపెట్టారు. కొత్తగా రాయించే కోడ్‌ను ఫెడరల్ ఏజెన్సీలు ఒకదానితో ఒకటి పంచుకోవాలి, కనీసం 20 శాతాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయాలి, మూడేళ్లు ప్రయోగంగా చూడాలి అన్నారు. ఆ 20 శాతం లెక్క నాకెప్పుడూ నచ్చలేదు. శాతం పెడితే ఎవరైనా తేలిగ్గా ఇవ్వగలిగినదే ఇస్తారు. 2024 డిసెంబరులో చట్టమైన షేర్ ఐటీ ఇంతకంటే తెలివైనది. బయటివాళ్లందరికీ తెరవమని అది అడగదు, ఏజెన్సీలు తమలో తాము పంచుకోవాలంటుంది. పంచుకోవడానికి, మార్చుకోవడానికి సరిపడా హక్కులు కాంట్రాక్టులోనే రాబట్టమంటుంది. దేశ భద్రతకు సంబంధించిన వాటికి మినహాయింపు ఉంది.

మేం చేస్తున్నదీ ఆ రకమే. అందుకే కోడ్ కంటే ముందు కాంట్రాక్టు తెరిచాం.

జూన్ మూడో వారం

పాత ఒప్పందం జిరాక్స్ కాపీ దొరకడానికే రెండు సెక్షన్లు తిరగాల్సి వచ్చింది. అందులో "సోర్స్ కోడ్ అప్పగించవలెను" అని ఉంది. అప్పగించారు కూడా, పెన్‌డ్రైవ్‌లో. అయితే కోడ్ చేతికి వచ్చినంత మాత్రాన దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు వచ్చినట్టేనా?

లా సెక్షన్ మేడమ్ 1957 కాపీరైట్ చట్టం ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. (ఆ రోజంతా మా టీమ్‌లో ఒకరినొకరు 'కవిగారూ' అని పిలుచుకున్నారు.) 17వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం చెప్పి చేయించుకున్న రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ప్రభుత్వం. ఫలానా శాఖ అని అందులో లేదు. కాబట్టి అవతల ఉన్నది కూడా శాఖే అయితే ఒక లేఖతో పని అయిపోయేదని మేడమ్ అభిప్రాయం. కానీ మండలి ఒక చట్టం కింద ఏర్పడిన వేరే సంస్థ. అలాంటి సంస్థలకు అదే సెక్షన్‌లో వేరే క్లాజు ఉంది. అంటే లిఖితపూర్వకంగా లైసెన్స్ ఇవ్వాల్సిందే.

ఇక్కడ తెలుసుకున్న విషయం ఒకటి రాసి పెట్టుకోదగ్గది. లైసెన్స్‌లో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. మా డ్రాఫ్టులో కాలపరిమితి మాటే లేదు. అలాగే సంతకం పెట్టి ఉంటే, ఐదేళ్ల తర్వాత మండలి ఏ హక్కుతో దీన్ని నడుపుతోందని ఏ ఆడిటరో అడిగేవాడు. "కాపీరైట్ ఉన్నంత కాలం" అని ఒక లైను చేర్చాం. మార్చుకునే హక్కు, కాంట్రాక్టరుతో మార్పించుకునే హక్కు కూడా విడివిడిగా రాశాం.

అసలు చిక్కు ఒప్పందంలోని ఇంకో వాక్యంలో ఉంది. కంపెనీకి ముందునుంచీ సొంతమైన భాగాలు కంపెనీవే అని రాశారు. ఆ భాగాలు ఏవో జాబితా మాత్రం లేదు. వెతికితే నోటీసుల పీడీఎఫ్ తయారుచేసే భాగం అలాంటిదేనని తేలింది. దాని సోర్స్ లేదు, కంపైల్ చేసిన జార్ ఫైలు, అంటే నడపడానికే తప్ప చదివి మార్చడానికి పనికిరానిది, ఒక్కటే ఉంది. దాన్ని పక్కకు పెట్టి కొత్తది రాయాలని నిర్ణయించాం.

జూలై మొదట్లో

పీడీఎఫ్ పని రెండు రోజుల్లో తేలుతుందనుకునే వాళ్లెవరూ భారతీయ భాషలో నోటీసు ప్రింటు తీసి ఉండరు. జావాలో పీడీఎఫ్ లైబ్రరీలు చాలానే ఉన్నాయి. బాగా పేరున్న ఐటెక్స్ట్ ఏజీపీఎల్ లైసెన్స్‌లో వస్తుంది, దాన్ని వాడితే మన కోడ్ కూడా తెరవాలంటుంది. ఆ షరతులు మన అప్లికేషన్ మొత్తానికీ చుట్టుకుంటాయి, వద్దనుకుంటే డబ్బు కట్టి వేరే లైసెన్స్ తీసుకోవాలి. ఇద్దరు ముగ్గురు పంచుకోబోయే కోడ్‌లో అలాంటిది పెట్టడం నాకు ఇష్టం లేదు. స్వేచ్ఛగా దొరికే ఇంకో లైబ్రరీ పెట్టి చూస్తే కన్నడ ఒత్తులు అక్షరం కిందికి రాకుండా పక్కన నిలబడ్డాయి. తెలుగు వాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు, బ్యాంకు మెసేజీల్లో, రసీదుల్లో మనం చూసేదే.

చివరికి నోటీసును హెచ్‌టీఎంఎల్ పేజీగా తయారుచేసి, తెర లేకుండా నడిచే క్రోమియం బ్రౌజర్‌తో పీడీఎఫ్ కొట్టించాం. అందులో అక్షరాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ చూసుకుంటుంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కుదిరాయి. ఫాంటు నోటో, దాని లైసెన్స్‌తో ఏ పేచీ లేదు. మెమరీ కాస్త ఎక్కువ తింటుంది, తిననీ. పాత నోటీసుల్లో కొన్ని నుడి అనే కన్నడ ఫాంటు సొంత కోడింగ్‌లో నిల్వయి ఉన్నాయి. మన అను ఫాంట్ల గోలలాంటిదే అది కూడా. వాటిని యూనికోడ్‌లోకి మార్చే స్క్రిప్టు మా కడప అమ్మాయి రాసింది, అది పాత శాఖకే అవసరం గనుక ఉమ్మడి కోడ్‌లో పెట్టలేదు.

జూలై రెండో వారం

రిపో (కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను దాచే చోటు) శుభ్రం చేయడం మొదలైంది. పెన్‌డ్రైవ్‌లో 'ఫైనల్', 'ఫైనల్2', 'ఫైనల్ లేటెస్ట్' అని మూడు ఫోల్డర్లు. సర్వర్ మీద నడుస్తున్నది వాటిలో దేనితోనూ పూర్తిగా కలవలేదు. సర్వర్‌లో ఉన్నదే అసలుదిగా తీసుకున్నాం.

కోడ్‌లో మిగిలిపోయిన పాస్‌వర్డ్‌లను వెతికే గిట్‌లీక్స్ అనే టూల్ నడిపితే ఎస్ఎంఎస్ గేట్‌వే కీ, డేటాబేస్ పాస్‌వర్డ్, ఒక అధికారి ఈమెయిల్ పాస్‌వర్డ్ బయటపడ్డాయి. అవి టూల్ పట్టుకోగలిగినవి. పట్టుకోలేనిది టెస్ట్ డేటా ఫోల్డర్‌లో ఉంది. 'శాంపిల్' అని పేరున్న ఎక్సెల్‌లో నిజమైన మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక కూడా ఇలాంటి ఫైలు చేతులు మారితే సమాధానం చెప్పుకోవడం కష్టం. టూల్స్ మీద భరోసా వదిలేసి, ప్రతి సీఎస్‌వీ, ప్రతి ఎక్సెల్ మనిషి తెరిచి చూడాలని పెట్టుకున్నాం.

పాత హిస్టరీని, అంటే మార్పుల చరిత్రను, గిట్ ఫిల్టర్-రిపో అనే టూల్‌తో కడగాలా, లేక తాజాగా మొదలుపెట్టాలా అని టీమ్‌లో వాదన జరిగింది. హిస్టరీ ఉంటే ఏ లైను ఎందుకు వచ్చిందో తెలుస్తుంది, నిజమే. కానీ ఇందులో ప్రతి మార్పు పక్కన రాసే కమిట్ మెసేజీలన్నీ 'అప్‌డేట్', 'అప్‌డేట్ చేంజ్' అనే ఉన్నాయి, పోయేదేమీ లేదు. ఉమ్మడి రిపో కొత్త హిస్టరీతో మొదలైంది. పాతది శాఖ దగ్గరే తాళం వేసి ఉంటుంది. కీలు, పాస్‌వర్డ్‌లు అన్నీ మార్పించాం. ఒకసారి బయటికి వచ్చిన కీని ఫైలులోంచి చెరిపేస్తే చాలదు, దాన్ని రద్దు చేయాలి. ఇది వివరించడానికి ఒక మీటింగే పట్టింది.

జూలై చివర

హార్డ్‌కోడింగ్ (మారే వివరాలను కోడ్‌లోనే రాసేయడం) అంటే ఐపీ అడ్రసులు, పోర్టులు అనుకుంటాం. ప్రభుత్వ కోడ్‌లో అది శాఖ ఎలా పనిచేస్తుందో దాని స్వభావం మొత్తం. హోదా ఫలానా అయితే ఈ స్క్రీను, కాకపోతే ఆ స్క్రీను అని కోడ్ నిండా ఉంది. శాఖలో తాలూకా, జిల్లా, కేంద్ర కార్యాలయం అని మూడు మెట్లు. మండలిలో తాలూకా మెట్టే లేదు, ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి.

జిల్లాల సంగతి చూడండి. కోడ్‌లో 30 జిల్లాల జాబితా ఉంది. బళ్లారి నుంచి 2021లో విజయనగర విడిపోయాక 31వది విడిగా అతికించారు. 2025లో రామనగర పేరు బెంగళూరు దక్షిణ అయింది, దానికోసం ఇంకో అతుకు వేశారు. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు, తెలంగాణలో 2016లో 10 కాస్తా 31 అయినప్పుడు ఇలాంటి కోడ్ రాసినవాళ్ల తిప్పలు ఊహించుకోవచ్చు. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ, తాలూకాకూ, ఊరికీ ఒక కోడ్ నంబరు ఉంటుంది. పేర్లన్నీ తీసేసి ఆ నంబర్లు పెట్టాం. పేరు తెర మీద చూపించడానికే.

అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఎస్ఎంఎస్. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి హెడరు (మెసేజీ పైన కనిపించే పేరు), మెసేజీ టెంప్లేటు రెండూ టెలికాం కంపెనీల డీఎల్‌టీ రిజిస్ట్రీలో ఆ సంస్థ పేరు మీద రిజిస్టరు అయి ఉండాలి. పాత కోడ్‌లో శాఖ హెడరు, టెంప్లేటు నంబరు, మెసేజీ వాక్యం మూడూ జావా ఫైలులోనే రాసేశారు. మండలి ఇదే కోడ్ నడిపితే మెసేజీలు శాఖ పేరుతో వెళ్తాయి, వాక్యంలో ఒక్క పదం మారిస్తే అసలు వెళ్లవు. ఫీల్డులో ఇన్‌స్పెక్టర్ మాత్రం 'నోటీసు పంపబడింది' అని చూస్తాడు. మూడింటినీ కాన్ఫిగరేషన్‌లోకి, అంటే కోడ్‌కు బయట ఉండే సెట్టింగుల్లోకి, లాగాం. టెంప్లేటుతో వాక్యం సరిపోలకపోతే అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే ఎర్రర్ ఇచ్చేలా చేశాం.

ఆగస్టు మొదటి వారం

అసలు ప్రశ్నకు వచ్చాం. మండలికి కోడ్ ఇచ్చేసి చేతులు దులుపుకోవాలా, ఇద్దరూ ఒకే కోడ్ మీద ఉండాలా?

కాపీ ఇచ్చేయడం సులువు, ఫలితాలూ వస్తాయి. బ్రిటన్ ప్రభుత్వం రాసుకున్న గవ్.యూకే నోటిఫై కోడ్ తీసుకునే కెనడా తన మెసేజీల సేవ మొదలుపెట్టింది. కానీ అవి రెండు దేశాలు, రెండింటికీ పెద్ద టీములు ఉన్నాయి. మాలాంటి చోట కాపీ ఇస్తే ఏడాదిలో రెండు వేరే సాఫ్ట్‌వేర్‌లు అవుతాయి. పంచుకున్నామన్న పేరే మిగులుతుంది, ఖర్చు మళ్లీ రెండింతలు. 2021 డిసెంబరులో లాగ్4జె అనే జావా లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు ఏ సర్వర్‌లో ఏ వెర్షను ఉందో తెలియక రాత్రుళ్లు మేలుకున్నవాళ్లకు ఇది తెలుసు. ఒకే కోడ్ అయితే ఒకచోట సరిచేస్తే చాలు.

ఎస్టోనియా, ఫిన్లాండ్ చేసింది నాకు నచ్చింది. సంస్థల మధ్య డేటా మార్చుకోవడానికి ఎస్టోనియా వాడే ఎక్స్-రోడ్‌ను ఫిన్లాండ్ తీసుకుంది. విడివిడిగా పెంచుకోకుండా 2017లో ఇద్దరూ కలిసి ఒక సంస్థనే పెట్టి మూల కోడ్‌ను దాని చేతిలో పెట్టారు. మా స్థాయికి సంస్థ ఎక్కువ. కానీ మూలానికి ఒక బాధ్యుడు ఉండాలన్న సంగతి మాత్రం తీసుకున్నాం.

ఎలా విడదీయాలన్నదానికి దూరం పోనక్కర్లేదు. ఇక్కడే 2003లో మొదలైన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ వాళ్ల డిజిట్ వేదిక ఎన్నో రాష్ట్రాల మున్సిపాలిటీల్లో నడుస్తోంది. అందులో ప్రతి రాష్ట్రం, ప్రతి ఊరి వివరాలు కోడ్‌కు బయట విడిగా జేసన్ ఫైళ్లలో ఉంటాయి. ఆ పద్ధతే పెట్టాం. ఉమ్మడి రిపో ఒకటి, శాఖ కాన్ఫిగరేషన్ రిపో ఒకటి, మండలిది ఇంకొకటి. ఉమ్మడి రిపోలో శాఖ పేరు గానీ మండలి పేరు గానీ కనిపిస్తే బిల్డ్ (కోడ్‌ను నడిచే రూపంలోకి తెచ్చే పని) ఆగిపోతుంది. ఈ చెక్ పెట్టిన మొదటి రోజే దాదాపు ప్రతి బిల్డూ ఆగింది.

ఆగస్టు మూడో వారం

రెండు పక్షాల అధికారులతో మీటింగ్, విధానసౌధ దగ్గర. డేటా మోడల్ గురించి ఎవరూ నోరెత్తలేదు. లాగిన్ పేజీ మీద ఎవరి లోగో ఉండాలన్నదాని మీద మాత్రం టీ రెండు సార్లు వచ్చింది. లోగో కూడా కాన్ఫిగరేషనే అని చెప్పాక మండలి వాళ్లు శాంతించారు. శాఖ వాళ్లకు ఇంకో అనుమానం: "ఇది మా శాఖ చేయించిందని ఎక్కడుంటుంది?" న్యాయమైన ప్రశ్నే, కష్టపడి డబ్బు మంజూరు చేయించుకున్నది వాళ్లే. పేజీ అడుగున ఒక లైను, రిపోలో కాపీరైట్ ఫైలు పెట్టాం. ఇటలీలో ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌తో పాటు పబ్లిక్‌కోడ్ అనే చిన్న వివరాల ఫైలు పెడతారు: పేరు, యజమాని, లైసెన్స్, ఎవరు చూసుకుంటున్నారు అని. అదే నమూనాలో మాదీ ఒకటి పెట్టాం. మూడో శాఖ ఎవరైనా వెతికితే దొరకాలి కదా.

ఒక పెద్దాయన అడిగారు, కోడ్ బయటపడితే హ్యాక్ చేస్తారు కదా అని. ఆరోగ్యసేతు ఆండ్రాయిడ్ కోడ్‌ను 2020 మే 26న గిట్‌హబ్‌లో పెట్టి, తప్పులు పట్టినవాళ్లకు బహుమానం కూడా ప్రకటించిన సంగతి చెప్పాను. అయినా మేం ఇప్పుడే అందరికీ తెరవడం లేదు, కోడ్ దాచే మా లోపలి గిట్‌ల్యాబ్ సర్వర్‌లో ఈ రెండు సంస్థలకే కనిపిస్తుంది. నా మట్టుకు నేను తెరవాలనే అంటాను. కానీ ఆ వాదన ఇప్పుడు పెట్టుకుంటే ఈ పని ఆగుతుంది.

సెప్టెంబరు

మండలి తరఫు టీమ్ మా సాయం లేకుండా ఇన్‌స్టాల్ చేయాలి, ఇదే పరీక్ష. వాళ్ల టీమ్‌లో హిందూపురం కుర్రాడు ఒకడున్నాడు. మేం ఫోన్ ఎత్తకూడదని పెట్టుకున్నాం గానీ, "అన్నా, మీ రీడ్‌మీలో మూడో లైనే పనిచేయట్లేదు" అంటే ఎత్తకుండా ఎలా ఉంటాం? (రీడ్‌మీ అంటే కోడ్‌తో పాటు ఇచ్చే సూచనల పత్రం.)

మూడో లైను డాకర్ ఇమేజీలు, అంటే అప్లికేషన్ నడవడానికి కావాల్సినవన్నీ కట్టిన మూటలు, ఇంటర్నెట్ నుంచి దించుకునేది. వాళ్ల సర్వర్‌కు బయటి ఇంటర్నెట్ లేదు. మా ఆఫీసులో ఉంది గనుక మాకు తట్టలేదు. ఇమేజీలను ఫైళ్లుగా సేవ్ చేసి, వాళ్ల పద్ధతి ప్రకారం స్కాన్ చేయించి, అక్కడ లోడ్ చేసే దారి రాశాం. ఇన్‌స్టాలేషన్ పత్రంలో ఇప్పుడు అదే మొదటి దారి. ఏ లైబ్రరీ ఏ వెర్షనో చెప్పే ఎస్‌బామ్ జాబితా కూడా ఆ మూటతోనే వెళ్తుంది. దేశ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2024లో దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది, సెక్యూరిటీ ఆడిట్ వాళ్లు కూడా అదే అడిగారు.

తర్వాత టైమ్‌జోన్. శాఖ సర్వర్ భారత కాలమానంలో ఉంది, మండలిది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలం, మనకంటే ఐదున్నర గంటలు వెనక). అర్ధరాత్రి పన్నెండుకు గడువు దాటిన నోటీసులు ఏరే పని మండలి సర్వర్‌లో తెల్లవారి ఐదున్నరకు నడిచింది. ఆ తేడా టీముల్లో ఎవరూ పట్టుకోలేదు. ఒకే తనిఖీకి ఫోనులో ఒక టైము, నోటీసులో ఇంకో టైము ఉండటం చూసి మండలి క్లర్కు ఒకాయన పట్టుకున్నారు. ఇప్పుడు కోడ్ సర్వర్ గడియారాన్ని నమ్మదు, టైమ్‌జోన్ కాన్ఫిగరేషన్ నుంచి తీసుకుంటుంది.

సెప్టెంబరు చివర

ఎదురుచూసిన రోజు. మండలి వాళ్ల ఇన్‌స్పెక్టర్లు సిగ్నల్ సరిగా అందని పల్లెల్లో తిరుగుతారు. ఫొటోలు ఎక్కక తనిఖీ సగంలో ఆగిపోతోంది. వాళ్ల టీమే ఫోనులోనే ఫొటో చిన్నది చేసి, సిగ్నల్ వచ్చినప్పుడు ఎక్కించే మార్పు రాసి, దాన్ని ఉమ్మడి కోడ్‌లో కలపమని మాకు మెర్జ్ రిక్వెస్ట్ పంపింది. కొన్ని సవరణలు అడిగి కలిపేశాం. మొదట సాఫ్ట్‌వేర్ కొన్న శాఖ ఇన్‌స్పెక్టర్లకు ఆ సౌకర్యం పైసా ఖర్చు లేకుండా అందింది. సూపరింటెండెంట్ గారికి ఫోను చేసి చెప్తే, "అదే నేను మొదటినుంచీ చెప్తాండేది" అన్నారు.

అదే వారంలో మండలి పైఅధికారి ఒకరు, అత్యవసరం కదా, సర్వర్ మీదే ఒక లైను మార్చేయండి అని ఆ కుర్రాడికి చెప్పారు. మార్చలేదు గానీ, ఎంత ఒత్తిడి పడ్డాడో అతని గొంతులోనే తెలిసింది. ఇలాంటి చోట పని చేసే కుర్రాళ్లకు రక్షణగా కాగితం మీద ఒక నియమం ఉండాలి. ఉమ్మడి రిపోలో లేని మార్పు సర్వర్ మీదికి వెళ్లకూడదని రెండు సంస్థల ఐటీ బాధ్యుల సంతకాలతో సర్క్యులర్ తీయించాం.

అక్టోబరు మొదటి వారం

లైసెన్స్ మీద సంతకాలు అయ్యాయి. ఉమ్మడి మెయింటెనెన్స్ ఖర్చు చెరిసగం అని ఒప్పుకున్నారు, ఏ పద్దు కింద ఇవ్వాలన్నది ఆర్థిక విభాగంలో నానుతోంది. అది తేలేదాకా మెర్జ్ రిక్వెస్టులు చూసేది మా టీమ్‌లో ఇద్దరే.

మండలి పాత టెండరు డ్రాఫ్టును పక్కన పెట్టి చాలా చిన్నది రాసింది: తమ ఫారాలు, శిక్షణ, ఏడాది సపోర్టు. అందులో మేం అడిగి పెట్టించిన క్లాజు ఉంది. రాసే ప్రతి మార్పూ ఉమ్మడి రిపోలోకి రావాలి, ముందునుంచీ సొంతమైన భాగాలు ఏవైనా వాడితే పేరు పేరునా జాబితా ఇవ్వాలి, జాబితాలో లేనిది ప్రభుత్వానిదే. సోమవారం ప్రీ-బిడ్ మీటింగ్. ఆ క్లాజు తీసేయమని కనీసం ఒక కంపెనీ అయినా అడుగుతుంది. జవాబు లా సెక్షన్ మేడమ్ ఇప్పటికే రాసి ఫైలులో పెట్టారు.